గోల్కొండ, సెవెన్ టూంబ్స్ ఒకే రోజులో: ఎండ ముదరకముందే కొండ దిగే పద్ధతి

గోల్కొండకు వెళ్లి సగం చూసి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. ఇంట్లో టిఫిన్లు కానిచ్చి పదకొండింటికి గేటు దగ్గర దిగుతారు. నడినెత్తిన ఎండ పెట్టుకుని మెట్లెక్కుతారు. పైన నాలుగు ఫొటోలు తీసుకునేసరికి సీసాల్లో నీళ్లు అయిపోతాయి. దిగాక రాణీ మహళ్ల వైపు అడుగు వేసే ఓపిక ఉండదు. సమాధుల సంగతి 'ఇంకోసారి చూద్దాం' అయిపోతుంది. నిజానికి రెండూ ఒకే రోజులో తీరిగ్గా అవుతాయి. ఎండను బట్టి వరుస వేసుకోవాలి, అంతే: పొద్దున తలుపు తీయగానే కోట, పదకొండు దాటకుండా కొండ దిగడం, ఆ తర్వాత భోజనం, మూడింటి నుంచి సెవెన్ టూంబ్స్, అంటే కుతుబ్ షాహీ సమాధులు. ఓపిక మిగిలితే చీకటి పడ్డాక మళ్లీ కోటలో సౌండ్ అండ్ లైట్ షో.

ఏ రోజు వెళ్లాలి

శుక్రవారం వద్దు. కోట తెరిచే ఉంటుంది గాని సమాధుల ప్రాంగణానికి ఆ రోజు సెలవు. షో కూడా చూడాలనుకుంటే సోమవారం కూడా వదిలేయండి. ఆదివారం కోట మెట్ల మీద మనుషుల వెనక మనుషులు నడవాల్సిందే. గేటు దగ్గర కొట్టిన చప్పట్లు కొండ మీద వినపడే వింత కూడా ఆ గోలలో తెలియదు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి కుదిరితే మేలు, లేదంటే శనివారం పొద్దున్నే.

ఆషాఢంలో గురు, ఆదివారాలు వేరే లెక్క. నగరంలో బోనాలు మొదలయ్యేది కోట మీది జగదంబిక అమ్మవారి దగ్గరే. ఆ నెలంతా గురువారం, ఆదివారం పూజలు జరుగుతాయి. బోనాలు చూడాలని వెళితే అంతకంటే మంచి రోజు లేదు. కోటను చూడాలని వెళితే మాత్రం ఆ రెండు రోజులూ తప్పించండి. తెలంగాణ ప్రభుత్వ స్వాతంత్ర్య దినోత్సవ వేడుక 2014 నుంచి ఇక్కడే జరుగుతోంది కాబట్టి, ఆగస్టు 15కు ముందు వారంలో వెళ్లేట్టయితే సందర్శకులను రానిస్తున్నారో లేదో కనుక్కుని బయలుదేరండి.

కాలం సంగతికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి హాయి. వానాకాలంలో కొండ పచ్చగా, గోడలు కడిగినట్టు బాగుంటాయి. కానీ వందల ఏళ్లుగా పాదాలు అరగదీసిన గ్రానైట్ మెట్లు తడిస్తే నూనె రాసినట్టే. ఏప్రిల్, మే నెలల్లో రాయి వేడెక్కి కింద నుంచి కూడా సెగ కొడుతుంది. తప్పనిసరైతే పదింటికల్లా పైన ఉండి, పదిన్నరకు దిగడం మొదలుపెట్టాలి.

సంచిలో ఏముండాలి

పెద్దవాళ్లకు మనిషికి లీటరున్నర నీళ్లు, పిల్లలకు ముప్పావు లీటరు. పైన కొనుక్కోవచ్చని నమ్ముకోకండి. టోపీ గాని, తలకు చుట్టుకోవడానికి తువ్వాలు గాని ఉండాలి. గొడుగు మాత్రం వద్దు: ఇరుకు మెట్ల మీద పక్కవాళ్ల కళ్లకు ప్రమాదం, పైన గాలికి తిరగబడుతుంది. కాలికి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఎక్కేటప్పుడు చెప్పులతో ఎలాగో నెట్టుకురావచ్చు గాని దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి బొబ్బలెక్కుతాయి. చీకటి గదుల కోసం చిన్న టార్చి తీసుకెళ్లండి, ఫోను లైటుతో సరిపెట్టుకుంటే మధ్యాహ్నానికి చార్జింగ్ ఖాళీ. చిల్లర నోట్లు కొన్ని. సాయంత్రం షోకి ఉంటే దోమల మందు.

తిండి పొట్లాలు లోపలికి మోసుకెళ్లే ఆలోచన మానుకోండి. ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. డ్రోన్ ఊసే ఎత్తొద్దు, చుట్టుపక్కల సైన్యం స్థలాలు ఉన్నాయి.

చేరుకోవడం, టికెట్లు

చార్మినార్ నుంచి కోట దాదాపు 11 కిలోమీటర్లు. మెట్రో ఇక్కడి దాకా రాదు. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్లు రాయదుర్గంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. మిగతావాళ్లకు మెహదీపట్నమే కూడలి. అక్కడి నుంచి కోటకు సిటీ బస్సులున్నాయి, ఆటోలు ఎప్పుడూ దొరుకుతాయి. వీలైతే లంగర్ హౌజ్ మీదుగా ఫతే దర్వాజా గుండా లోపలికి రండి. మ్యాపులు ఒక్కోసారి బంజారా దర్వాజా వైపు నుంచి తీసుకొస్తాయి. అదీ తప్పేం కాదు గాని, కోటలోకి ఎలా రావాలో అలా వచ్చిన అనుభవం ఫతే దర్వాజాదే. తలుపులకు ఏనుగులు ఢీకొట్టకుండా దిగ్గొట్టిన ఇనుప మేకులు చూడండి. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఔరంగజేబు సేనలు ఈ కోటను పట్టుకున్నాయి. అదీ గోడ బద్దలుకొట్టి కాదు, లోపలివాడైన అబ్దుల్లా ఖాన్ పన్నీ రాత్రివేళ తలుపు తీయించడం వల్ల. ఇప్పుడు అదే దర్వాజా కింద నుంచి ఆటోలు, బైకులు హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి. ఆగి చూడాలంటే బండి కాస్త అవతల ఆపుకుని నడిచి రావాలి. కమాను కింద బండి ఆపితే వెనక అరకిలోమీటరు జామ్.

సొంత కారైతే తొమ్మిదికి ముందే చేరండి. గేటు ముందు రోడ్డు ఇరుకు, పదిన్నర తర్వాత నిలుపుకోవడానికి చోటు వెతకడంలోనే అరగంట పోతుంది.

కోట భారత పురావస్తు శాఖ అధీనంలో ఉంది. భారతీయులకు కౌంటర్లో 25 రూపాయలు, ఆన్‌లైన్లో తీసుకుంటే 20. విదేశీయులకు 300. సార్క్, బిమ్‌స్టెక్ దేశాలవారికి మన రేటే. 15 ఏళ్లలోపు పిల్లలకు ఎవరికైనా ఉచితం. అమెరికా, ఆస్ట్రేలియా నుంచి సెలవులకు వచ్చిన చుట్టాలను తీసుకెళుతుంటే వాళ్ల ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారతీయ మూలాలవారికి ఇచ్చేది) తెమ్మనండి. అది చూపిస్తే భారతీయుల టికెట్టే. ఇంట్లో మరిచిపోతే కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. పిల్లల వయసుకు కూడా ఏదో ఒక రుజువు దగ్గర ఉంచుకోండి, పద్నాలుగేళ్ల పిల్లాడు తండ్రంత ఎత్తు ఉంటే అడుగుతారు. ఇంటి దగ్గరే ఆన్‌లైన్ టికెట్ తీసి స్క్రీన్‌షాట్ పెట్టుకుంటే క్యూ తప్పుతుంది, గేటు దగ్గర సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి నిలబడే పనీ తప్పుతుంది.

గైడు కావాలంటే గుర్తింపు కార్డు ఉన్నవారిని అడగండి. ధర, భాష, ఎంతసేపు, పైదాకా వస్తారా లేక కిందే ఆపేస్తారా, ఈ నాలుగూ ముందే తేల్చుకోండి. చివరిది అడగకపోవడం వల్లే ఎక్కువ గొడవలు. మంచి గైడు కట్టడం ఎలా పనిచేసిందో చెబుతాడు. చార్మినార్ దాకా సొరంగం ఉందని మొదలుపెడితే కథ వింటున్నట్టు వినండి. కోహినూర్ ఇక్కడ తవ్వారని కొందరంటారు. గోల్కొండలో గని లేదు, ఇది వజ్రాల అంగడి. గనులు కృష్ణా తీరంలో కొల్లూరు, పరిటాల లాంటి చోట్ల ఉండేవి.

చప్పట్లు: సరిగ్గా చేస్తేనే వినపడతాయి

టికెట్ చూపించి లోపలికి రాగానే వచ్చేది బాలా హిసార్ దర్వాజా. దీని ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది, గమనించండి. ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపును గుద్దడానికి దూరం లేకుండా కట్టిన గోడ అది. దర్వాజా మీద సింహాలు, నెమళ్లు చెక్కి ఉంటాయి. అందరూ చప్పట్లు కొట్టేది ఈ కమాను కిందే.

ఇక్కడ పదిమంది గుంపులు ఒకేసారి చప్పట్లు కొట్టి, ఎవరి చప్పుడు ఎవరికి వినపడిందో తెలియక నవ్వుకుంటూ వెళ్లిపోతారు. మీరు ఇలా చేయండి. జట్టును రెండుగా విడగొట్టండి. మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఎలాగూ కింద ఉంటారు కదా, వాళ్లలో ఒకరికి ఈ పని అప్పగించండి. మిగతావాళ్లు శిఖరం మీది బారాదరికి, అంటే కొలువు మండపానికి చేరాక ఫోన్ చేయాలి. కింద ఉన్నవాళ్లు సరిగ్గా గుమ్మటం నడిమధ్య కింద నిలబడి, అరచేతులు బోలుగా కాకుండా చదునుగా పెట్టి, సెకనుకొకటి చొప్పున ఐదు చప్పట్లు కొట్టాలి. పైనున్నవాళ్లు ఫోన్ పెట్టేసి చెవి ఒగ్గాలి. ఫోన్‌లో వినపడేదీ, గాలిలో వచ్చేదీ కలిసిపోతే పరీక్షకు అర్థం లేదు. గుమ్మటం, కమానులు చప్పుడును చెదిరిపోనివ్వకుండా ఒకచోటికి చేర్చి బయటికి తోలుతాయి. గాలి ఎదురుగా వీస్తున్నా, పైన జనం మాట్లాడుతున్నా అది కలిసిపోతుంది. అందుకే దీనికి పొద్దుటి తొమ్మిదిన్నర, పది మధ్యే మంచి సమయం. ముట్టడి వేళ గేటు కాపలావాడికి ఇది వార్తాయంత్రం.

ఎక్కేది ఎటు, దిగేది ఎటు

లోపల దారి చీలుతుంది. కుడివైపు తోట మీదుగా వెళ్లేది కొండ ఎక్కే దారి. ఎడమవైపు ఆయుధాగారం పక్క నుంచి దాదాపు చదునుగా రాణీ మహళ్ల వైపు వెళుతుంది. కుడివైపు ఎక్కి ఎడమవైపు దిగండి. ఎడమవైపు మెట్లు నిటారు, ఎత్తుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వాటిని ఎక్కడం మొదలుపెడితే సగంలోనే ఊపిరి అందదు. కుడి దారి వంకరలు తిరుగుతూ కాస్త మెల్లగా ఎక్కిస్తుంది, చూసేవన్నీ కూడా ఆ వైపే.

మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మలకు, తాతయ్యలకు కొండ అవసరమే లేదు. బాలా హిసార్ దర్వాజా, దాని పక్కన రాచ శవాలకు స్నానం చేయించిన హమామ్, నగీనా బాగ్, ఆయుధాగారం, రాణీ మహళ్లు, ఇన్నీ నేల మీదే ఉన్నాయి. రెండు గంటలకు సరిపడా సరుకు. వాళ్లను బలవంతంగా పైకి తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టేకంటే కిందే చూపించడం నయం. చక్రాల కుర్చీకి మాత్రం కింద కూడా అన్నిచోట్లా దారి నునుపుగా ఉండదు, తోసేవాళ్లు ఇద్దరు కావాలి. టాయిలెట్ పని కిందే ముగించుకుని ఎక్కండి.

కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు, మెట్లు 360 దాకా. ఆగకుండా ఎక్కితే ఇరవై నిమిషాల పని. చూసుకుంటూ ఎక్కితే గంట. గంటే పెట్టుకోండి.

మొదట అక్కన్న, మాదన్నల కచేరీలంటూ (కార్యాలయాలంటూ) చూపించే శిథిలాలు. చివరి సుల్తాను తానాషా కొలువులో పెత్తనమంతా ఈ అన్నదమ్ములదే. 1686లో ఇద్దరూ హత్యకు గురయ్యారు. ఆ పైన దారి పొడవునా కళ్లు గోడల మీద పెట్టండి. విరిగిన చోట్ల సున్నంలో పొదిగిన మట్టి గొట్టాల ముక్కలు కనపడతాయి. అసలు గోల్కొండ అదే. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, ఒక్కో మజిలీలో తొట్టిలో నింపి, అక్కడి నుంచి మళ్లీ పై తొట్టికి చేర్చేవారు. పైకి చేరిన నీరు గొట్టాల్లో తన బరువుతో తానే దిగి మహళ్లకు, ఫౌంటెన్లకు వెళ్లేది. మెట్ల పక్కన ఎండిన తొట్టి ఏది కనపడినా, దాని కింది అంచె ఎక్కడ, పై అంచె ఎక్కడ అని వెతకండి. పిల్లలకు ఇది పట్టుకుంటే మెట్ల అలసట తెలియదు.

దారిలో తగిలే అంబర్ ఖానా ధాన్యపు కొట్టు. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, 1642లో కట్టినట్టు శాసనం చెబుతోంది. ఎనిమిది నెలల ముట్టడిని కోట ఎలా తట్టుకుందో ఈ గోడల మందం చూస్తే అర్థమవుతుంది.

రామదాసు బందిఖానా దగ్గర తెలుగువాళ్లు ఎలాగూ ఆగుతారు. కంచర్ల గోపన్నను దాదాపు పన్నెండేళ్లు ఉంచారని చెప్పే గది ఇది. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడి బొమ్మలున్నాయి. బయటి వెలుగులోంచి నేరుగా లోపలికి వెళితే ఏమీ కనపడదు. ఒక నిమిషం గుమ్మంలో నిలబడి కళ్లు అలవాటు పడనిచ్చి, టార్చిని బొమ్మలకు ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయండి. చెక్కిన గీతలు అప్పుడే తేలతాయి. పైకప్పులోని కన్నం వైపు కూడా ఒకసారి చూడండి. గబ్బిలాల వాసనకు ముక్కు మూసుకోవాల్సి రావచ్చు.

శిఖరానికి ముందు ఇబ్రహీం మసీదు, బండరాళ్ల మధ్య అమ్మవారి గుడి దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇక్కడి గోడలను గమనించండి: కొండ మీద ఉన్న పెద్ద పెద్ద గుండ్లను పగలగొట్టలేదు, ఒక గుండుకూ ఇంకో గుండుకూ మధ్య ఖాళీని గోడతో పూడ్చారు. ఎక్కడ కొండ అయిపోయి ఎక్కడ కోట మొదలైందో చెప్పడం కష్టం.

బారాదరి మీద ఇరవై నిమిషాలు చాలు. ఉత్తరాన గుమ్మటాల గుంపు కనిపిస్తుందే, మధ్యాహ్నం మీరు వెళ్లబోయేది అక్కడికే. ఈశాన్యంలో నయా ఖిల్లా (కోటకు తర్వాత కలిపిన భాగం), పడమర గాజు మేడలు. చార్మినార్ కనపడాలంటే గాలి శుభ్రంగా ఉన్న పొద్దుట రావాలి. కింద ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చప్పట్ల పని ఇప్పుడే కానివ్వండి. పిట్టగోడ మీద కూర్చుని ఫొటోలు దిగే అలవాటు ఉంటే మానుకోండి. కొన్నిచోట్ల అవతల ఏమీ లేదు.

దిగేటప్పుడు నిటారు మెట్ల మీద పిల్లలను ముందు పరుగెత్తనివ్వొద్దు. పెద్దవాళ్లలో ఒకరు ముందు, ఒకరు వెనక. మోకాళ్లు వణుకుతుంటే అడ్డంగా తిరిగి పక్క అడుగుతో దిగండి. ఈ మెట్లు మిమ్మల్ని రాణీ మహళ్ల వాకిట్లో దింపుతాయి. నడుమ ఫౌంటెన్ తొట్టి ఉంది. పొద్దున చూసిన మట్టి గొట్టాల నీళ్లు ఆఖరికి చేరే చోటు ఇలాంటిదే. చుట్టూ ఎత్తైన గోడల నీడ ఉంటుంది కాబట్టి, అలసిన కాళ్లకు విశ్రాంతి ఇక్కడే ఇవ్వండి. గచ్చు మీద మిగిలిన పూల నగిషీని తడిమి చూడాలనిపిస్తుంది. చేతి చెమటకు పాత సున్నం రాలుతుంది, తాకకండి.

భోజనం

గేటు ముందు చెరకు రసం, చాయ్ దొరుకుతాయి. భోజనానికి టోలీచౌకి వెళ్లండి. పది నిమిషాల ప్రయాణంలో బిర్యానీకి కొదవలేదు. అయితే ఇంకా సగం రోజు నడక ఉంది, ఇద్దరికి ఒక బిర్యానీ చొప్పున తిని, మిగతా కడుపు మజ్జిగకు వదలండి. రంజాన్ నెలలో ఈ పక్క హోటళ్లు చాలావరకు పగలు మూసి సాయంత్రం తెరుస్తాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నానికి మెహదీపట్నం వైపు చూసుకోండి, హలీమ్‌ను సాయంత్రానికి దాచుకోండి.

సమాధులు: కాలక్రమంలో నడవండి

కోట బయటి గోడ దాటితే బంజారా దర్వాజా నుంచి కిలోమీటరు దూరమే. ఆటోవాళ్లకు 'సెవెన్ టూంబ్స్' అంటేనే తెలుస్తుంది. పేరుకు ఏడు గాని 106 ఎకరాల్లో వందకు పైగా కట్టడాలు: సమాధులు, మసీదులు, మెట్లబావులు, హమామ్. రాష్ట్ర ప్రభుత్వ అధీనంలో ఉంది కాబట్టి టికెట్ వేరే, కోట టికెట్ ఇక్కడ చెల్లదు. ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన మరమ్మతు 2024లో పూర్తయింది. పదేళ్ల కిందట చూసి 'శిథిలాలే కదా' అనుకున్నవాళ్లు మళ్లీ రావాలి.

కనపడిన గుమ్మటంలోకల్లా దూరితే అరగంటకు అన్నీ ఒకేలా అనిపిస్తాయి. వరుసగా చూడండి. మొదట సుల్తాన్ కులీ (1543), చిన్నది, నిరాడంబరం. తన సమాధి తానే కట్టించుకున్నాడు. తర్వాత జంషీద్ (1550). అతనిది ఒక్కటే ఎనిమిది పలకలతో, రెండంతస్తులతో ఉంటుంది. తర్వాత ఇబ్రహీం (1580), తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్న సుల్తాను. అతని సమాధి గోడల మీద రంగు పింగాణీ పలకల ఆనవాళ్లు వెతకండి. ఆ తర్వాత హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ (1612). అన్నిటికంటే పెద్దది, ఎత్తు 42 మీటర్లకు పైగా. సుల్తాన్ కులీది చూసిన కళ్లతో దీన్ని చూస్తే డెబ్బై ఏళ్లలో రాజ్యం ఎంత సంపన్నమైందో లెక్క చెప్పక్కర్లేదు. గుమ్మటం అడుగున తామర రేకులు, లోపల నల్లరాతి సమాధి. పైన కనిపించేది గుర్తు మాత్రమే, అసలు గోరీ కింది నేలమాళిగలో ఉంటుంది.

కూతురిగా, భార్యగా, తల్లిగా ముగ్గురు సుల్తానుల కాలాన్ని నడిపిన హయత్ బక్షీ బేగం (1667) సమాధిని, పక్కనే ఉన్న పెద్ద మసీదును వదలొద్దు. చివరి రాజు తానాషా సమాధి కోసం వెతక్కండి. దౌలతాబాద్ చెరలో చనిపోయాడు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

సమయం తక్కువైతే రెండు చిన్న సమాధులు తగ్గించుకుని అయినా బడీ బావోలీ దగ్గరికి వెళ్లండి. 2013లో ఈ మెట్లబావి ఒక పక్క కూలిపోయింది. తిరిగి కట్టారు. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. వానల తర్వాత వెళితే నీళ్లు నిండుగా ఉంటాయి. అంచుల దగ్గర పిల్లల చేయి వదలొద్దు. ఫొటోలకు నాలుగున్నర తర్వాతి వెలుగు బాగుంటుంది, గుమ్మటాల సున్నం అప్పుడు బంగారు రంగుకు తిరుగుతుంది. ఇవి సమాధులన్న సంగతి మాత్రం గుర్తుంచుకుని, రాళ్ల మీద కూర్చోకండి.

సాయంత్రం

మిగిలిన గంటలో నయా ఖిల్లాలోని బావోబాబ్ అనే ఆఫ్రికా జాతి లావాటి చెట్టును చూడాలనుకుంటే, అది గోల్ఫ్ కోర్సు ఆవరణ గుండా వెళ్లే చోటని తెలుసుకోండి. గేటు దగ్గర అనుమతి అడగాలి, చీకటి పడితే పంపరు. సమాధుల కంటే ముందే, భోజనం అవగానే వెళ్లడం సులువు. చుట్టుకొలత 27 మీటర్ల దాకా ఉండే ఆ మానును ఎవరైనా ఒకసారి చూడాల్సిందే.

షోకి విడిగా టికెట్. భాషను బట్టి రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు తెలుగు ఉందో లేదో పొద్దున కోటలోనే అడిగి పెట్టుకోండి.  కూర్చునేది ఆరుబయట, దోమల మందు చేతులకే కాదు మడమలకూ రాయండి. వాన పడితే ఆట ఆగిపోతుంది.

ఆట అయ్యాక అందరూ ఒకేసారి బయటికి వస్తారు. గేటు ముందు ఆటోలు రెట్టింపు అడుగుతాయి, క్యాబ్‌లు ఇరుకు సందుల్లోకి రాలేక రద్దు చేస్తుంటాయి. ఆట ముగియడానికి పది నిమిషాల ముందే లేచి బుక్ చేయండి, ఎక్కే చోటును గేటు ముందు కాకుండా ఫతే దర్వాజా అవతల పెట్టండి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం పొద్దుటి ఆటో డ్రైవరు నంబరు తీసుకుని రాత్రికి అతన్నే రమ్మని మాట్లాడుకోవడం మేలు.